గ్యాస్ మాత్ర ఎన్నాళ్ళో కూడా చీటీ మీద రాయండి

సంపాదకుల వారికి, నమస్కారం.

మొన్న మీ ఆరోగ్యం పేజీలో గ్యాస్ ట్రబుల్ మీద వచ్చిన వ్యాసం చదివాను. కారం తగ్గించండి, వేళకి తినండి, రాత్రి తినగానే పడుకోకండి, మజ్జిగ తాగండి అన్నారు, బాగానే ఉంది, అందులో కాదనడానికేమీ లేదు. కానీ మన రెండు రాష్ట్రాల్లో కడుపులో మంట అన్న మనిషి మజ్జిగ గ్లాసు కన్నా ముందు అందుకునేది కడుపులో ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్రని కదా, అంత వ్యాసంలో ఆ మాత్ర గురించి ఒక్క ముక్క లేదు. నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ని. ఇప్పటికీ మా వీధిలో వాళ్ళు మందుల కవరు పట్టుకుని మా అరుగు మీదికి వస్తూనే ఉంటారు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగయింది, కత్తిరించినా సరే గానీ అసలు సంగతి ఉంచండి.

అసలు సంగతి ఏమిటంటే, ఈ మాత్ర మొదలుపెట్టేవాళ్ళు వందమంది, ఆపమని చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. జ్వరానికి వెళ్ళినా గ్యాస్ మాత్ర, పన్ను పీకించుకున్నా గ్యాస్ మాత్ర, నడుం పట్టేసినా గ్యాస్ మాత్ర. అడిగితే "మిగతా మందులు వేడి చేస్తాయి కదా, తోడుగా ఉంటుందిలే" అంటారు. పారాసిటమాల్ మామూలు మోతాదులో కడుపుని పుండు చేయదు, దానికి తోడు అక్కర్లేదు. మూడు రోజుల జ్వరానికి మూడు రోజులు మింగితే కొంపలేం మునగవు, ఒప్పుకుంటాను. మన దగ్గర గొడవ ఎక్కడంటే ఆ మూడు రోజులు మూడేళ్ళవుతాయి. జ్వరం మాత్రలు అయిపోతాయి, ఇది మాత్రం పొద్దున్నే పళ్ళు తోముకున్నాక అలవాటుగా నోట్లో పడుతూనే ఉంటుంది. అదే పాత చీటీ, మడతలు పడి, నాలుగు ముక్కలు కాబోతూ, దాన్నే ప్లాస్టిక్ కవర్లో దాచుకుని నెలనెలా షాపుకి తీసుకెళ్తారు. సగం మందికి ఆ చీటీ కూడా ఉండదు, "మొన్నటి ఎర్ర షీటు ఇవ్వు" అంటే చాలు. షీటు వెనక ఏమో రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని అచ్చేసి ఉంటుంది. చదివేదెవరు?

ఒక్క కవరు సంగతి చెప్తాను. మా వీధిలో డెబ్బై దాటిన పెద్దావిడ, బీపీ ఉంది, షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులు సరేసరి. తిన్నది సయించడం లేదు, కాళ్ళు తిమ్మిర్లు అంటూ వచ్చి కవరు చాప మీద బోర్లించింది. షీట్లు సగానికి సగం కత్తెరతో కోసినవి. పేరున్న ముక్క షాపువాడి దగ్గర, తేదీ ఉన్న ముక్క ఇంకెవరి దగ్గరో. వెతికి కలిపి చూస్తే షుగర్ డాక్టరు రాసిన పాంటాప్రజోల్ డోంపెరిడోన్ క్యాప్సూల్ ఒకటి, మోకాళ్ళ డాక్టరు రాసిన రాబెప్రజోల్ డోంపెరిడోన్ క్యాప్సూల్ ఇంకొకటి, ఇవి చాలవన్నట్టు పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చిన ఒమెప్రజోల్ కాగితం పొట్లం. కవర్ల మీద షాపువాళ్ళు పెన్నుతో గీసిన గీతల ప్రకారం మూడూ వేసుకుంటోంది, పాపం ఒక్క పూట కూడా తప్పకుండా. "ఇవన్నీ ఒకటేనా తమ్ముడూ? రంగులు వేరేగా ఉన్నాయిగా!" అంది. ఒకటే అమ్మా. పేర్లు వేరు, రంగులు వేరు, కడుపులో చేసే పని ఒకటే. ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరు చూడలేదు, చూపించాలని ఆవిడకి తెలియదు. పైగా రెండు క్యాప్సూళ్ళలో కలిపి ఉన్న వాంతుల మందు డోంపెరిడోన్ 30 మిల్లీగ్రాముల చొప్పున మొత్తం 60 అయింది. ఈ డోంపెరిడోన్ గుండె లయ మీద ప్రభావం చూపుతుందని ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ 2014లోనే కట్టడి పెట్టింది, వికారం, వాంతులకి మాత్రమే వాడాలి, పెద్దవాళ్ళకి రోజుకి 30 మించకూడదు, మామూలుగా వారం దాటకూడదు అని. అమెరికాలో అయితే మనుషులకి వాడడానికి దానికి అనుమతే లేదు. మన దగ్గర అది గ్యాస్ మాత్రలో కలిసిపోయి, ఉందని కూడా తెలియకుండా ఏళ్ళ తరబడి లోపలికి పోతోంది. ఆవిణ్ణి ఆ కవరుతో సహా మళ్ళీ షుగర్ డాక్టరు దగ్గరికి పంపాను, మూడూ ఒకే బల్ల మీద పెట్టి చూపించమని.

ఇక వేసుకునే పద్ధతి. ఎక్కువమంది బిర్యానీ తిన్నాక, మంట మొదలయ్యాక, రాత్రి పదకొండింటికి వేసుకుని "ఈ మాత్ర పని చేయట్లేదు, ఇంకాస్త పవర్‌ది ఇవ్వు" అంటారు. పని ఎలా చేస్తుంది? కడుపు గోడలోని కణాల్లో ఆమ్లాన్ని బయటికి నెట్టే పంపులుంటాయి, తిండి లోపలికి వెళ్ళేటప్పుడు అవి చురుగ్గా పని మొదలుపెడతాయి. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి ఆ పని చేస్తున్న పంపులనే పట్టుకుని మూసేస్తాయి. మందు రక్తంలో ఉండేది కొద్ది గంటలే, కానీ ఒకసారి మూసిన పంపు మళ్ళీ తెరుచుకోదు, కడుపు కొత్తవి తయారుచేసుకోవాల్సిందే, అందుకే రోజుకొక్క మాత్రతో సరిపోతుంది. కాబట్టి పరగడుపున, టిఫిన్‌కి అరగంట ముందు వేసుకుని, తర్వాత తప్పకుండా తినాలి. మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా కాఫీ మీద గడిపేస్తే డబ్బు దండగ. ఇంకోటి, మొదటి రోజే పూర్తి ఫలితం రాదు, మూడు నాలుగు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు మంట చల్లారాలంటే జెలూసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్లు వేరే ఉన్నాయి, అవి ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తాయంతే. క్యాప్సూల్ లోపలి పూసల్ని నమలకూడదు, మాత్రని పొడి కొట్టకూడదు, ఆ పైపూత కడుపులో ఆమ్లం బారిన పడకుండా మందుని పేగు దాకా చేర్చడానికే ఉంది. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే కదా అని యాంటాసిడ్ సిరప్‌తో కలిపి తాగేవాళ్ళని చూశాను, ఆ రెంటికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి.

ఇంత చెప్తున్నానని ఈ మందుల మీద నాకు కోపం అనుకోకండి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా డిస్పెన్సరీలో కడుపు మంటకి ఉన్నది సీసాలో పోసిచ్చే కార్మినేటివ్ మిక్చరు, ఆ తెల్లటి యాంటాసిడ్ బిళ్ళలు, అంతే. అల్సర్ ముదిరితే పెద్దాసుపత్రికి పంపేవాళ్ళం, అక్కడ నరం కోసి, కడుపుని పేగుకి కలిపి కుట్టేవాళ్ళు. ఆ ఆపరేషన్ అయినవాళ్ళు మన ఊళ్ళల్లో ముసలివాళ్ళలో ఇప్పటికీ ఉన్నారు, పొట్ట మీద నిలువు కోత చూస్తే తెలుస్తుంది. 1976లో బ్రిటన్‌లో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ మాత్ర వచ్చింది, దాని వెనక ఉన్న జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ ఇచ్చారు. తర్వాత 1981లో అదే రకానికి చెందిన రానిటిడిన్. ఆ 1988లోనే ఐరోపాలో ఒమెప్రజోల్ అమ్మకానికొచ్చింది, మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ళ ఒమెజ్ అయితే రష్యాలో కూడా పేరున్న మందు. ఈ మాత్రలొచ్చాక ఆ ఆపరేషన్లు దాదాపు మాయమయ్యాయి. రక్తం కక్కుకుంటూ వచ్చిన మనిషిని ఇవి నిలబెట్టడం కళ్ళారా చూసినవాణ్ని, వీటిని తిట్టడానికి నాకు నోరు రాదు.

రానిటిడిన్ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఊళ్ళల్లో అది ఇంకా దర్జాగా నడుస్తోంది. అందులో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ కలిగించవచ్చునన్న అనుమానమున్న పదార్థం ఉన్నట్టు 2019లో బయటపడింది, నిల్వ ఉన్న కొద్దీ, వేడి తగిలిన కొద్దీ అది పెరుగుతుందని తేలి 2020 ఏప్రిల్‌లో అమెరికా మార్కెట్ నుంచి తీసేయించింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 సెప్టెంబరులో అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి దాన్ని తొలగించింది. జాబితాలోంచి తీయడమంటే నిషేధం కాదు, అందుకే షాపుల్లో ఉంది. మే నెలలో పల్నాడు ఎండకి రేకుల షెడ్డులో మందులు ఎంత వేడెక్కుతాయో నేను చెప్పక్కర్లేదు. ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు కంగారు పడాల్సిన పని లేదు, అదే రకం మందు ఫామోటిడిన్ లాంటిదానికి మార్చమని డాక్టర్ని అడిగితే చాలు.

అల్సర్ అనగానే మనవాళ్ళు టెన్షన్, పచ్చిమిరపకాయ బజ్జీ, ఆవకాయ అంటారు. ఆ ఆవకాయని ఎన్నాళ్ళు నిందిస్తారండీ! మంట పెంచుతుందేమో గానీ పుండు పుట్టించేది అది కాదు. అల్సర్లకి పెద్ద కారణాలు రెండే. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే డాక్టర్లు దీన్ని పట్టుకుంటే ఎవరూ నమ్మలేదు, ఆమ్లంలో సూక్ష్మజీవి బతకడమేమిటని నవ్వారు. చివరికి 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగేసి, కడుపు వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటినా మన దగ్గర అల్సర్ పేషెంటుకి ఆ బ్యాక్టీరియా ఉందో లేదో చూసే పరీక్ష రాసేవాళ్ళ కన్నా నెలకి సరిపడా గ్యాస్ మాత్రలు రాసేవాళ్ళే ఎక్కువ. ఆ క్రిమి ఉంటే గ్యాస్ మాత్రతో పాటు రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్, మామూలుగా 14 రోజులు, మధ్యలో ఆపకుండా వాడితే పోతుంది. ఐదో రోజుకి నోరు చేదుగా ఉందని ఆపేస్తారు, అలా ఆపితే క్రిమి మిగిలిపోతుంది, మళ్ళీ ఆ మందులకి లొంగదు. బిస్మత్ అనే మందు కూడా ఉన్న కోర్సయితే విరేచనం నల్లగా వస్తుంది, అది ముందే చెప్పకపోతే రక్తమనుకుని హడలిపోతారు.

రెండో కారణం నొప్పి మాత్రలు. మా పల్నాడు, గుంటూరు వైపు మిరప కోతల సీజన్లో చూడండి, పొద్దుటి నుంచి వంగి కోసిన ఆడవాళ్ళు సాయంత్రానికి ఒక డైక్లోఫెనాక్ బిళ్ళ వేసుకోనిదే నిద్రపోరు, చాలామంది పూటకొకటి, ఖాళీ కడుపున. కడుపు లోపలి పొరని కాపాడే పదార్థాలనే ఈ నొప్పి మాత్రలు తగ్గించేస్తాయి, అందుకే పుండు పడుతుంది. ఇంజెక్షన్‌గా వేయించుకుంటే కడుపుకి ఏమీ కాదని ఒక నమ్మకం ఉంది, అది తప్పు, రక్తంలో కలిసిన మందు కడుపు పొర మీద ఎలాగూ పని చేస్తుంది. ఇక్కడ జరిగేదేమిటంటే నొప్పి మాత్ర వల్ల మంట, మంటకి గ్యాస్ మాత్ర, మంట తగ్గింది కాబట్టి ధైర్యంగా ఇంకో నొప్పి మాత్ర. వయసు మళ్ళినవాళ్ళు నొప్పి మాత్ర తప్పనిసరిగా వాడాల్సి వస్తే తోడుగా గ్యాస్ మాత్ర ఉండాలి, అది సరైన వాడకమే. కానీ పాతికేళ్ళ కుర్రాడి వెన్నునొప్పికి ఏడాది పొడుగునా రెండూ రాయడమేమిటో నాకర్థం కాదు.

మరి ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుంది? వాట్సాప్‌లో అయితే కిడ్నీలు పోతాయి, మతి పోతుంది, ఎముకలు పిండవుతాయి అని భయపెడుతున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, 17 వేల 500 మందికి పైగా గుండె జబ్బు పేషెంట్ల మీద మూడేళ్ళ పాటు పాంటాప్రజోల్‌నీ మందు లేని ఉత్తుత్తి మాత్రనీ పోల్చి చూసిన పెద్ద పరిశోధన 2019లో వచ్చింది, పేగు ఇన్ఫెక్షన్లు కొద్దిగా పెరగడం తప్ప మిగతా వాటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మతిమరుపు సంగతి రుజువు కాలేదు. అలాగని ఏమీ లేదనీ కాదు. ఎక్కువ కాలం వాడితే మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించింది, కొద్దిమందిలో కిడ్నీ వాపు వస్తుంది, బీ12 విటమిన్ తగ్గవచ్చు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి అది కూడా బీ12ని తగ్గిస్తుంది, రెండూ ఏళ్ళ తరబడి కలిస్తే కాళ్ళ తిమ్మిర్లు వచ్చి "షుగర్ వల్లే" అనుకుని ఊరుకుంటారు. మా వీధి పెద్దావిడ తిమ్మిర్లు దేనివల్లో బీ12 పరీక్ష చేయిస్తే గానీ తెలియదు, ఇన్నాళ్ళూ ఎవరూ చేయించలేదు. స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు ఒమెప్రజోల్ వాడకూడదు, గుండె మందు పని తగ్గిపోతుంది, వాళ్ళకి పాంటాప్రజోల్ మేలు. పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చారు కదా అని మార్చేసుకోకండి.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆపితే చాలామందికి మంట తిరగబెడుతుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతులకి ఎనిమిది వారాలు ఒమెప్రజోల్ లాంటిదే అయిన ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపేస్తే నూటికి 44 మందికి గుండెల్లో మంట, పుల్లటి తేన్పుల లాంటివి మొదలయ్యాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో అది 15 మందే. అంటే మాత్రే లేని జబ్బుని తెచ్చిపెట్టింది. మన జనం రెండు రోజులు ఆపి చూసి, మంట రాగానే "అమ్మో, నాకిది జీవితాంతం తప్పదు" అని మళ్ళీ మొదలుపెడతారు. అది కొన్ని వారాల్లో సర్దుకునేదే. డాక్టరుతో మాట్లాడి మోతాదు సగం చేసుకుని, తర్వాత రోజు విడిచి రోజు వేసుకుంటూ, మధ్యలో మంటొస్తే యాంటాసిడ్‌తో సరిపెట్టుకుంటే చాలామంది బయటపడతారు.

అయితే ఇది చదివి రేపే ఆపేసేవాళ్ళుంటారు, వాళ్ళకి దండం పెట్టి చెప్తున్నాను. ఇంతకుముందు అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్ళు, ఆస్పిరిన్‌తో పాటు ఇంకో రక్తం పలచబడే మందు వాడుతున్న పెద్దవాళ్ళు, అన్నవాహికలో పుండ్లు బాగా ముదిరినవాళ్ళు సొంతంగా ఆపకూడదు. తారులాగా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవుంటే మాత్రలతో కాలక్షేపం చేయకుండా ఎండోస్కోపీకి వెళ్ళాలి. ఇంకో మాట, ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేయి లాగడం వచ్చినప్పుడు ఈనో తాగి, తేన్పు వచ్చింది కాబట్టి గ్యాసేనని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవకపోవడం మన ఊళ్ళల్లో ఎన్ని ఇళ్ళల్లో జరగలేదు? గ్యాస్ మందుకి తగ్గినంత మాత్రాన గుండె కాదని కాదు. 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించుకోవాలి, గ్యాసని తేలితే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు.

డాక్టర్లకి నేను చెప్పేంతవాణ్ని కాదు గానీ ఒక్కటి అడుగుతాను. చీటీలో ఆ మాత్ర పక్కన ఎందుకు, ఎన్నాళ్ళు అన్న రెండు ముక్కలు రాయండి. పేగు మొదట్లో అల్సర్‌కి నాలుగు వారాలు, కడుపులో అల్సర్‌కి ఎనిమిది వారాలు అని మీకు తెలిసిందే, అది కాగితం మీదికి రావడం లేదు. ఆసుపత్రిలో పడుకున్నన్నాళ్ళు పొద్దున్నే ఇంజెక్షన్ ఇచ్చారని డిశ్చార్జ్ సమ్మరీలో కూడా అదే ఎక్కించేసి, తేదీ లేకుండా ఇంటికి పంపకండి. ఆర్ఎంపీల గురించి మాట్లాడాలంటే వేరే ఉత్తరం కావాలి. ఇక షాపుల్లో కొత్త చీటీ వచ్చినప్పుడు "ఇంట్లో ఇంకో గ్యాస్ మాత్ర ఏదైనా వాడుతున్నారా?" అని అడగడానికి అర నిమిషం చాలు.

సంపాదకుల వారూ, ఈసారి గ్యాస్ ట్రబుల్ మీద రాయించేటప్పుడు మజ్జిగతో పాటు ఇది కూడా వేయించండి. పైలోరీకి ఊపిరి పరీక్ష గానీ మల పరీక్ష గానీ చేయించే ముందు రెండు వారాలు డాక్టరుకి చెప్పి ఈ మాత్రలు ఆపాలి, యాంటీబయాటిక్స్ అయితే నాలుగు వారాలు. లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టే రిపోర్టు వస్తుంది. ఆ పరీక్షకి వెళ్ళేవాళ్ళలో చాలామంది పొద్దున్నే మాత్ర వేసుకునే వెళ్తున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
నరసరావుపేట